గౌను తిరగేసి చూడండి

ఈ వేసవికి సూరత్ దుకాణాల్లో బుట్ట చేతుల గౌన్లు మళ్ళీ కనిపిస్తున్నాయి. చిన్న గుండ్రటి కాలరు, నడుముకు పట్టీ, కింద నిండుగా కుచ్చిళ్ళు, లేత రంగు మీద చిన్న చిన్న పూలు. వాటికి 'వింటేజ్' అని పేరు. అంటే పాతకాలపు తరహా అన్నమాట. ఇంట్లో అమ్మమ్మల చిన్ననాటి ఫొటోలు ఉంటే తీసి చూడండి, ఇంచుమించు ఇవే గౌన్లు. 1950ల సినిమాల్లో సావిత్రి, జమున వేసుకున్న బుట్ట చేతుల జాకెట్లు కూడా ఈ కుటుంబానికే చెందుతాయి. 2018లో 'మహానటి' సినిమా వచ్చాక ఆ చేతుల మీద అందరికీ మళ్ళీ మోజు పుట్టింది. ఆ సినిమా దుస్తులకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

పాత మోడల్ తిరిగి రావడం నాకూ ఇష్టమే. కానీ దుకాణాలు తిరిగి తెచ్చింది గౌను పై రూపాన్ని మాత్రమే, లోపలి సంగతిని తేలేదని నా ఫిర్యాదు. పాత గౌను తెలివంతా లోపలే ఉంది. అది కావాలంటే ఇంట్లో కుట్టుకోవడమే దారి అని నా అభిప్రాయం.

నమ్మకం లేకపోతే ఈసారి దుకాణంలో ఒక గౌను చేతికి తీసుకుని తిరగేసి చూడండి. పక్క కుట్టు దగ్గర సాధారణంగా అర అంగుళం బట్ట కూడా ఉండదు. ఉన్న కాస్తనీ ఓవర్‌లాక్ మిషన్ కోసేసి, అంచును దారంతో చుట్టేసి ఉంటుంది. కింది మడత అంగుళం ఉంటే గొప్ప. ఇందులో మోసం ఏమీ లేదు. వేల గౌన్లు ఒకేసారి కత్తిరించే చోట ఒక్కో గౌనుకు అంగుళం బట్ట ఆదా చేస్తే తానులకు తానులు మిగులుతాయి. వ్యాపారి లెక్క వ్యాపారిది. కానీ ఆ గౌను ఈ ఏడాది మనకు సరిగ్గా సరిపోయిందంటే వచ్చే ఏడాది బిగుతైనట్టే. సరిచేద్దామంటే లోపల ఏమీ లేదు.

ఇంట్లో కుట్టిన పాత గౌను అలా కాదు. పక్క కుట్లలో ఒక్కో అంచుకు అంగుళం బట్ట. భుజం మీద ఇంకాస్త. కింద మూడు అంగుళాల మడత, దాని పైన వరసగా రెండో మూడో టక్కులు. టక్కు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. కుచ్చిళ్ళ భాగంలో బట్టను అడ్డంగా అర అంగుళం మేర మడిచి, ఆ మడత మొదట్లో చుట్టూరా ఒక కుట్టు వేస్తారు. చూసేవాళ్ళు అలంకారం అనుకుంటారు. అలంకారమే, కానీ అది దాచిపెట్టిన బట్ట కూడా. అర అంగుళం టక్కు విప్పితే గౌను పొడవు అంగుళం పెరుగుతుంది, ఎందుకంటే మడతలో ఉన్నవి రెండు పొరలు. మూడు టక్కులుంటే మూడంగుళాలు. కింది మడతలోంచి మరో రెండు. పక్క కుట్లు విప్పి ఒక్కో అంచు నుంచి అర అంగుళం వదిలితే, ముందు ముక్కకు రెండు, వెనక ముక్కకు రెండు, మొత్తం నాలుగు అంచులు కాబట్టి ఛాతీ చుట్టుకొలత రెండంగుళాలు పెరుగుతుంది.

బడి వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతారు. పదకొండు, పన్నెండేళ్ళప్పుడు ఇంకాస్త ఎక్కువే పెరగవచ్చు. అది మొత్తం ఎత్తు. అందులో గౌనుకు కావలసింది సగం, అంటే సుమారు అంగుళం. ఏడాదికొక టక్కు! సైన్సు పుస్తకంలో పెరుగుదల గ్రాఫు గీయడం మనకు ఇప్పుడు నేర్పుతున్నారు గానీ, బడి ముఖం చూడని అమ్మమ్మలు కూడా ఈ గ్రాఫును గౌను మీదే గీసి పెట్టారు.

టక్కు విప్పిన చోట ఒక గీత మిగులుతుంది. ఎండకూ ఉతుకుకూ బయటి రంగు వెలిసిపోతుంది, మడత లోపలి రంగు కొత్తగా ఉండిపోతుంది. దాన్ని కప్పడానికి సన్నటి లేసో రిబ్బనో వేసేవారు. నన్నడిగితే కప్పక్కర్లేదు. చెట్టు మొదలు కోస్తే వయసు తెలిసినట్టు ఆ గీతలు చూస్తే గౌను వయసు తెలుస్తుంది.

ఇదంతా మనలాంటి పిల్లలకు ఇంకా బాగా పనికొస్తుంది. అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ ఊరు మారతాం. సామాను సర్దేటప్పుడు ముందుగా పక్కకు తీసేది పొట్టి అయిపోయిన బట్టల్నే. యూనిఫాం సంగతి వేరు. కేంద్రీయ విద్యాలయం యూనిఫాం దేశమంతా ఒకటే కాబట్టి అది మనతో పాటు రైలెక్కుతుంది. మిగతావి ఎవరికో ఇచ్చేసి వెళ్తాం. మూడేళ్ళు పెరిగే గౌను అంటే ఒక పోస్టింగ్ పూర్తయ్యేదాకా మనతో ఉండే గౌను. రోజులు కలిసొస్తే తర్వాతి ఊరిని కూడా చూస్తుంది. స్నేహితులను, వీధిని, అలవాటైన ఇంటిని వదిలి వెళ్ళే మనకు, మనతో పాటే పెరిగిన వస్తువు ఒక్కటైనా పెట్టెలో ఉండటం చిన్న విషయం అనుకోను.

లోపల బట్ట దాచుకోవడం, ఉన్నదాన్నే మార్చి వాడుకోవడం ఒక్క మన ఇళ్ళ అలవాటే కాదు. ఇప్పుడు అందరూ మురిసిపోయే ఆ విదేశీ పాత ఫ్యాషన్ వెనక కూడా ఎంతో కొరత ఉంది. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా పల్లెల్లో పిండి, కోళ్ళ దాణా నూలు సంచుల్లో వచ్చేవి. తల్లులు ఆ సంచులు విప్పి పిల్లలకు గౌన్లు కుట్టేవారు. అది గమనించి మిల్లులవాళ్ళు సంచుల మీద పూలు అచ్చు వేయించడం మొదలుపెట్టారు. ఏ పూల సంచి బాగుంటే ఆ పిండి కొనేవారన్నమాట. బ్రిటన్‌లో యుద్ధం కారణంగా 1941 జూన్ నుంచి 1949 దాకా బట్టలకు రేషన్ నడిచింది. పాత బట్టను విప్పి కొత్తదిగా ఎలా మార్చుకోవాలో ప్రభుత్వమే పుస్తకం వేసి చెప్పింది. 1947లో పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ మీటర్ల కొద్దీ బట్ట పోసి వెడల్పాటి కుచ్చిళ్ళ దుస్తులు చూపించినప్పుడు కొందరు సంబరపడ్డారు, కొందరు మండిపడ్డారు. కూపన్లు లెక్కపెట్టుకుంటున్నవాళ్ళకు మండదా మరి!

ఇక బట్ట సంగతి. లేత రంగు మీద చిన్న పూలు అనగానే ఏ ఇంగ్లండు తోటో గుర్తుకొస్తుంది. నిజానికి ఆ పూల బట్ట ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళింది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో వర్తక స్థావరాలు పెట్టుకుంది. మనలో చాలామందికి ఒకటి సొంత రాష్ట్రం వైపు ఊరు, ఇంకొకటి ఇప్పుడున్న ఊరు. రెండు చోట్లా ముఖ్యమైన సరుకుల్లో నూలు బట్ట ఒకటి. కలంతో గీసి, చెక్క అచ్చులతో అద్ది, ఉతికినా పోని రంగులు వేసిన మన పూల బట్టల కోసం యూరప్‌లో ఎగబడ్డారు. మనవాళ్ళు చీటి గుడ్డ అన్నదాన్నే గుజరాతీలో ఛీంట్ అన్నారు, ఇంగ్లీషులో చింట్జ్ అయింది. అక్కడి ఉన్ని, పట్టు నేతవాళ్ళు మా పొట్ట కొడుతున్నారని గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో వీటిని నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపే చట్టం చేసింది. అది చాలక 1721లో అద్దకపు నూలు బట్ట వేసుకోవడమే తప్పని ఇంకో చట్టం తెచ్చింది. పూల గౌను వేసుకుంటే జరిమానా పడే రోజులవి! మచిలీపట్నం పక్కన పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. గుజరాత్‌లో కచ్ వైపు ధమడ్కా, అజ్రఖ్‌పూర్ గ్రామాల్లో అజ్రఖ్ అద్దుతున్నారు. పాతకాలపు పూల బట్ట కావాలంటే అసలైన చిరునామాలు ఇవి.

సూరత్ దుకాణంలో దొరికే 'వింటేజ్' గౌను మాత్రం ఎక్కువగా పాలిస్టరే. ఈ నగరం దానికే పేరు పొందింది. రింగ్ రోడ్డు మార్కెట్ల నుంచి దేశమంతటికీ వెళ్ళే చీరల్లో చాలా భాగం అదే. ఎండాకాలానికి అది ఎందుకు పనికిరాదో సైన్సు చెబుతుంది. మామూలు గాలిలో ఉంచితే నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. ఏప్రిల్, మే నెలల్లో సముద్రం వైపు నుంచి తేమ గాలి వస్తున్నప్పుడు ఒంటి చెమట ఎక్కడికి పోవాలి? బట్ట పీల్చుకోకపోతే ఒంటికే అంటుకుని ఉంటుంది. తర్వాత చెమటకాయలు, పౌడరు డబ్బాలు.

అలాగని పాలిస్టర్ పేరెత్తగానే మూతి విరిచేవాళ్ళతో నేను చేరను. ఆ బట్ట నేసే చేతుల్లో మన తెలుగు చేతులు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి మగ్గం పని తెలిసిన కుటుంబాలు ఊళ్ళో చేనేతతో బతకలేక ఇక్కడి పవర్‌లూమ్‌ల దగ్గరికి వలస వచ్చాయి. లింబాయత్ వైపు వెళ్తే వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. మున్సిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయి. మనం మూడు నాలుగేళ్ళు ఉండి వెళ్ళిపోయేవాళ్ళం, వాళ్ళకు ఇదే ఊరు. సాంచాల హోరులో పన్నెండు గంటల షిఫ్టు నిలబడి నేసిన బట్టను చులకన చేయడానికి నాకు నోరు రాదు. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది, ముడతలు పడదు, ఏళ్ళ తరబడి చిరగదు. చీరకు బాగుంటుంది, సంచికి బాగుంటుంది, గొడుగుకు ఇంకా బాగుంటుంది. నా పేచీ ఎండాకాలం గౌను ఒక్కదాని గురించే.

నూలు బట్ట ఎక్కడ దొరుకుతుంది అంటారా? సెలవులకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా వెళ్ళేవాళ్ళకు మంగళగిరి పక్కనే. అంతకంటే దగ్గరి దారి అమ్మ బీరువా. బాగా వాడిన నూలు చీర ఒకటి అడిగి తీసుకోండి (అడిగి మాత్రమే). చీర ఐదున్నర మీటర్లుంటుంది, పదకొండేళ్ళ పిల్ల గౌనుకు రెండున్నర మీటర్లు చాలు. ఏళ్ళ తరబడి ఉతికిన బట్ట కొత్తదానికంటే మెత్తగా ఉంటుంది, ఇక కుంచించుకుపోయే భయం ఉండదు. వెలుతురుకు అడ్డంగా పట్టి చూసి, పలచబడిన చోట్లు వదిలేసి కత్తిరించాలి. చీర అంచును గౌను కింద భాగానికి పెట్టుకుంటే చాలా అందంగా ఉంటుంది. అప్పుడు కింద మడత పెట్టలేం కాబట్టి పైన టక్కులు ఒకటి రెండు ఎక్కువ వేయాలి. కొత్త బట్ట కొంటే మాత్రం ముందురోజు రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాలి.

కుట్టడం అనుకున్నంత కష్టం కాదు. కుచ్చిళ్ళ భాగం ఒట్టి దీర్ఘచతురస్రం, అందులో తప్పు చేయడానికి ఏమీ లేదు. నడుము కొలతకు రెండున్నర రెట్లు వెడల్పు తీసుకుని, పై అంచున పెద్ద పెద్ద కుట్లు రెండు వరసలు వేసి, బాబిన్ దారం పట్టి మెల్లగా లాగితే కుచ్చిళ్ళు వాటంతట అవే వస్తాయి. టక్కులు మాత్రం కుచ్చిళ్ళు లాగక ముందే, బట్ట చదునుగా ఉన్నప్పుడే వేయాలి. పై భాగానికి, ఇప్పుడు సరిపోతున్న గౌను ఒకటి పాత న్యూస్‌పేపర్ మీద పరిచి గీత గీసుకోండి. పక్కలకు అంగుళం కలిపి కత్తిరించండి. రకరకాల సైజుల కాగితపు నమూనాలు అమ్మడం అమెరికాలో బటరిక్ అనే ఆయన 1863లో మొదలుపెట్టాడు. మనకు న్యూస్‌పేపర్ చాలు, మీ సైజు మీ గౌనే చెబుతుంది. కత్తిరించిన ముక్కలను ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి, ఒంటికి పెట్టి చూసుకుని, ఆ తర్వాతే మిషన్ ఎక్కించాలి. బుట్ట చేతికి భుజం దగ్గర మూడు నాలుగు అంగుళాలు వెడల్పు ఎక్కువ ఉంచి కుచ్చు లాగితే సరి. కాలరు జోలికి మాత్రం మొదటి గౌనులో వెళ్ళకండి. మెడకు క్రాస్ పట్టీ వేసి వదిలేయండి.

'కుట్టండి' అని నేను అంటున్నది అమ్మాయిలతో మాత్రమే కాదు. ఈ విషయంలో మన ఇళ్ళ తీరు విచిత్రంగా ఉంటుంది. వీధి చివర కుట్టే మగాయనను గౌరవంగా 'మాస్టర్' అంటాం. ఇంట్లో మిషన్‌ను మాత్రం అమ్మాయి ముందు పెట్టి, అబ్బాయిని ఆడుకోమని పంపిస్తాం. యంత్రాలంటే ఎంతో అనుమానం ఉన్న గాంధీజీ 1924లో సింగర్ కుట్టు మిషన్‌ను మాత్రం మెచ్చుకున్నారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూసి, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారు చేశాడని ఆయన అన్నారు. శ్రమ చూసి యంత్రం చేయడం మంచిదే. పక్కన కూర్చుని నాలుగు కుట్లు వేయడం కూడా మంచిదే అని నేను కలుపుతున్నాను. చెల్లెలి గౌనుకు టక్కు విప్పగలిగిన అన్నయ్యకు తన ప్యాంటు అంచు దింపుకోవడం కూడా వస్తుంది. ఏటా జూన్‌లో బడి తెరిచేసరికి చీలమండలు కనిపిస్తూ వచ్చే ప్యాంట్లు ఎన్నో మనందరికీ తెలుసు.

నా మాటకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. సూరత్‌లో రెడీమేడ్ ఎంత చవకో చూశాక, ఇంట్లో కుడితే డబ్బు మిగులుతుందని నేను చెప్పలేను. మంచి నూలు బట్ట, దారం, బొత్తాలు కలిపితే ఒక్కోసారి దుకాణం గౌనే తక్కువ పడుతుంది. మొదటి గౌనుకు రెండు ఆదివారాలు పోతాయి. కానీ ఆ ఖర్చును ఒక వేసవితో కాక మూడు వేసవులతో భాగించి చూడండి. అప్పుడు లెక్క మారుతుంది. మూడేళ్ళు ఒకే గౌను వేసుకుంటే విసుగు రాదా అనే ప్రశ్నకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. వస్తుంది. రెండో ఏడు చేతులు విప్పి, పొట్టి చేతులుగా మార్చుకోవచ్చు. బొత్తాలు మార్చవచ్చు. అప్పటికీ విసుగనిపిస్తే విప్పిన టక్కులు తిరిగి వేసి చెల్లెలికో, పిన్ని కూతురికో ఇవ్వవచ్చు. దుకాణం గౌనును పొడుగు చేయలేనట్టే, ఇంత తేలిగ్గా పొట్టి చేయడమూ కుదరదు.

మిషన్ లేనివాళ్ళు వెనక్కి తగ్గనక్కర్లేదు. క్వార్టర్స్‌లో ఎవరో ఒకరి ఇంట్లో గుడ్డ కప్పిన మిషన్ ఉంటుంది, నూనె వేయించుకోవడానికి ఎదురుచూస్తూ. వెళ్ళి అడగండి. కొత్తగా వచ్చిన ఊళ్ళో పక్కింటి తలుపు తట్టడానికి ఇంతకంటే మంచి సాకు నాకు తోచలేదు.

ఇంకొక్క మాట, కత్తిరించేవాళ్ళకు. మిగిలిన ముక్కలు ఊడ్చి పారేయకండి. అరచేయంత ముక్క ఒకటి గౌను లోపల, పక్క కుట్టు మీద నాలుగు కచ్చా కుట్లు వేసి ఉంచండి. గౌనుతో పాటు అదీ ఉతికించుకుని మెత్తబడుతుంది కాబట్టి, ఎప్పుడైనా మాసిక వేయాల్సి వస్తే కొత్త అతుకులా కొట్టొచ్చినట్టు కనిపించదు. దారం రీలు కూడా జాగ్రత్త చేసి సూదుల డబ్బాలో పెట్టండి. ఇక్కడి దుకాణంలో కొన్న అదే రంగు, తర్వాతి ఊళ్ళో ఎన్ని దుకాణాలు తిరిగినా దొరకకపోవచ్చు.